రెండు పక్కన సున్నా

పొద్దున ఆరున్నరకు మగ్గాల స్విచ్చి వేసే ముందర ధనంజయ చేసే పని ఒకటుండాది. షెడ్డు వాకిలి పక్కన గోడకు నల్లరంగు పూసిన చదరం మీద సుద్దముక్కతో ఆనాటి నూలు రేటు రాస్తాడు. వాళ్ళ నాయన కాలం నుంచీ ఇంతే. నూలు ఎక్కిన రోజు కూలి పెంచమని ఎవురూ అడగరు, దిగిన రోజు గొంతు సవరించుకొని అడుగుతారు. అందుకని నగరిలో నేతగాళ్ళు కాఫీ కంటే ముందు ఆ గోడనే చూస్తారు. ధనంజయ గోడ మీద మాత్రం రెండేండ్లుగా నూలు రేటు కింద ఇంకో అంకె ఉంటా ఉండాది. దానికి పేరు రాయడు. రాయకపోయినా అది గ్యాసు రేటని వీధి వీధికంతా తెలుసు.

ఏ గ్యాసు? వంటింటి సిలిండరు కాదు. అమెరికాలో భూమిలోంచి తీసే గ్యాసు. దాన్ని మనం పట్టి తెచ్చుకోనక్కర్లేదంట, ఆ గ్యాసు రేటును పట్టుకొని నడిచే ఫండు ఒకటుంటే అందులో షేర్ల మాదిరి యూనిట్లు కొనుక్కుంటే చాలంట. ఈ సంగతి మోసుకొచ్చింది ధనంజయ అక్క కొడుకు మునికుమార్. వాడు శ్రీసిటీలో టైల్సు కంపెనీలో కొలిమి కాడ పనిచేస్తాడు. కొలిమి మండేది గ్యాసుతోనే, గ్యాసు రేటు ఎక్కిందంటే కంపెనీ ఒక షిఫ్టు ఎత్తేస్తుంది. "ఇంత గిరాకీ ఉండేది యాడన్నా పడిపోతాదా మామా?" అన్నాడు. ధనంజయకు ఆ మాట నచ్చింది. సవకగా ఉన్నప్పుడు కొని అటక మీద పెట్టుకొని, ఎక్కినప్పుడు దించి అమ్మేదే గదా వ్యాపారమంటే. నూలైనా గ్యాసైనా ఒకటే అనుకున్నాడు.

ఆ పొద్దు ఫోనులో గ్యాసు ఫండు పేజీ తెరిచి, కళ్ళద్దాలు తీసి పంచెకు తుడుచుకొని మళ్ళీ చూసినాడు. యూనిటు నిన్న రెండు డాలర్లుండింది. ఈ పొద్దు ఇరవై. పేజీ మూసి తెరిచినాడు. ఇరవయ్యే. గోడ మీద నిన్నటి రెండు అట్లనే ఉండాది. దాన్ని చెరపకుండా పక్కన సున్నా చుట్టినాడు. తొందరలో సున్నా వంకరపోయింది.

"అదేందన్నా, అంత రాసినావు?" అని వెనక నుంచి మునిరత్నమ్మ అడిగింది.

ఆ షెడ్డులో మగ్గాలకు నూలు కండెలు చుట్టేది ఆమే. పద్దెనిమిదేండ్లుగా ఆ గంప, ఆ మూల, ఆ స్టూలు. మొగుడు పోయినాక చీటీ పాడుకొని తెచ్చుకున్న ఎనబై వేలు బ్యాంకులో వేసుకోకుండా ధనంజయ చేతిలో పెట్టింది కూడా ఆమే. పత్రం లేదు, సాక్షి లేడు. "నువ్వు యాడ పెడితే ఆడ పెట్టన్నా" అనింది, అంతే. ధనంజయ మాటంటే ఆ వీధిలో అట్లుండేది. ఒక్క శనివారం కూలి ఆపినోడు కాదు, బట్ట కొలిచేటప్పుడు బెత్తెడు లాగి పట్టుకున్నోడు కాదు. ఆయనకుండే ఆస్తి నాలుగు మగ్గాలు, ఆ పేరు.

"ఇరవై, రత్నమ్మా! రెండుండేది ఇరవై అయింది!"

"అమ్మో! నాది నాలుగున్నప్పుడు గదా పెట్టినావు?"

"నాలుగే. వినాయక చవితికి పెట్టినాము. అంటే ఐదింతలు." ధనంజయ వేళ్ళు మడిచినాడు. "నీ ఎనబై వేలు నాలుగు లక్షలు తల్లీ!"

ఆ మాట ఆయన నోటితోనే అన్నాడు. అప్పుడే పనికి వచ్చిన నేతగాళ్ళిద్దరూ విన్నారు. మునిరత్నమ్మ గంప కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకొని, "రేకులు పీకేసి మిద్దె వేసుకుంటా అన్నా. వానొస్తే మంచం ఈ మూల నుంచి ఆ మూలకు లాగలేక సచ్చిపోతా ఉండా" అని నవ్వింది. ఇంట్లోంచి కాఫీ గ్లాసుతో వచ్చిన ఉదయలక్ష్మి మొగుడి మొహం చూసి ఆగిపోయింది. పద్దెనిమిది డాలర్లున్నప్పుడు మూడు లక్షలు పెట్టి, అది దిగతా దిగతా రెండుకొచ్చేదాకా రోజూ పొద్దున్నే గోడ మీద రాసుకుంటా వచ్చిన మనిషి ఆయన. ఆ రెండేండ్లలో ఆయన పళ్ళు కనిపించేట్టు నవ్వింది ఆమె చూడలేదు.

మునికుమార్‌కు ఫోను చేస్తే ఎత్తలేదు. కొలిమి కాడికి ఫోన్లు తీసుకుపోనీరు. ఆదివారం దాకా ఆగింటే సరిపోయేది. ఆగుతాడా! రెండేండ్లు నోరు కట్టుకున్న మనిషికి నోరు వచ్చింది. టీ అంగట్లో చెప్పినాడు. నూలంగట్లో జయరావుకు చెప్పినాడు. జయరావు కులపెద్ద, ఆ వీధి తగవులన్నీ ఆయన గల్లాపెట్టె ముందరే తెగుతాయి. "నీకేమప్పా, ఇంక భూమ్మీద నిలబడవు" అని ఎగతాళి చేసి, ఎంతకు కొన్నావు, ఎంతయింది అని అంతా అడిగి తెలుసుకున్నాడు. సాయంత్రం ధనంజయ రెండు కిలోల మైసూర్‌పాకు తెచ్చి ఇంటింటికీ పంపించినాడు. మరుసటి రోజూ ఇరవయ్యే. ఆ మరుసటి రోజు ఇరవై మీద రవంత.

*

ఆదివారం మగ్గాలకు సెలవు. మునికుమార్‌కు కూడా ఆ వారం సెలవు పడింది. బస్సు దిగి నేరుగా షెడ్డులోకి వచ్చి గోడ చూసి నిలబడిపోయినాడు.

"మామా, ఇదెవురు రాసినారు?"

"ఎవురు రాస్తారురా, నేనే. ఫోను ఎత్తవేం నువ్వు? కూర్చో, మైసూర్‌పాకు తిను."

వాడు తినలేదు. నూలు మూట మీద కూర్చొని ఫోను తీసి మామ చేతికిచ్చినాడు. "రేటు పెరగలేదు మామా. యూనిట్లు తగ్గినాయి."

"అంటే?"

"ఫండోళ్ళు పది యూనిట్లు కలిపి ఒకటి చేసినారు. రేటు మరీ రెండుకు దిగిపోయింది గదా, అంత తక్కువుంటే సంతలో మర్యాద ఉండదని అట్ల చేస్తారంట. మనకు నాలుగు వందల యాభై ఉండినాయి. ఇప్పుడు నలభై ఐదు. రెండు లెక్కన అన్ని ఉన్నా, ఇరవై లెక్కన ఇన్ని ఉన్నా ఒకటే సొమ్ము."

యూనిట్లు ఎన్నని ధనంజయ ఏనాడూ చూడలేదు. ఖాతా మునికుమార్ పేరు మీద ఉండాది, ఈయన చూసేది రేటు. నూలు మధ్య పుట్టి పెరిగిన ఎవురైనా అంతే. అటక మీద నూలు బేళ్ళు ఎన్నున్నాయని రోజూ నిచ్చెన వేసుకొని చూడరు. పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి, మారేది రేటొకటే.

"మొత్తం ఎంతుండాది?"

"డెబ్బై మూడు వేలు. నీది ముప్పై మూడు, రత్నమ్మక్కది నలబై."

ధనంజయ ఫోను తిరిగి వాడి చేతిలో పెట్టినాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఒరే, పేపర్లో చూసినాను. అమెరికాలో గ్యాసు రేటు పోయిన చలికాలం ఎంతో ఈ చలికాలమూ దగ్గర దగ్గర అంతే. మరి మన ఫండు అందులో సగానికెట్ల వచ్చింది? మన గ్యాసు ఏ గోదాములో పెట్టినారు? ఎవురన్నా తీసుకుంటా ఉండారా?" అన్నాడు.

"గోదామే లేదు మామా. వాళ్ళ దగ్గరుండేది చీటీలు. వచ్చే నెల గ్యాసు ఇస్తామని రాసిన చీటీలు. నెల తిరిగే లోపల ఆ చీటీ అమ్మేసి ఆ పై నెల చీటీ కొనాల. పై నెలది ఎప్పుడూ రవంత జాస్తి రేటుంటాది."

"అంటే... నా బేలు దించి అంగడోనికి ఇచ్చి, మళ్ళీ అట్లాంటి బేలే జాస్తి రేటుకు ఎత్తుకొచ్చేదా?"

"అంతే మామా."

"నెల నెలా?"

"నెల నెలా."

ధనంజయ మూడో మగ్గం మీద చెయ్యి పెట్టుకొని నిలబడినాడు. ఆయనకు అర్థమయింది. ముప్పై ఐదేండ్లు నూలు కొని అమ్మినోడు, ఎందుకర్థం కాదు? అట్ల వ్యాపారం చేసేవాడు యాడన్నా కనబడితే పిచ్చోడని నవ్వుండేవాడు. రెండేండ్లు ఆ పిచ్చోడి చేతిలో తన సొమ్మూ, మొగుడు లేని ఆడమనిషి సొమ్మూ పెట్టి, పొద్దున్నే సుద్దముక్క పట్టుకొని ఎదురుచూసినాడు.

"ఇది నాకు ముందే ఎందుకు చెప్పలేదురా?"

"నాకు మాత్రం ఎవురు చెప్పినారు మామా? నా లక్ష కూడా పోయింది గదా, వేరే ఖాతాలో." వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. ధనంజయకు వాణ్ణి కొట్టాలనీ అనిపించింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు.

"ఈ వారంలోనే అమ్మేయి. ఒక్క యూనిటు కూడా పెట్టొద్దు."

"రత్నమ్మక్కకు ఇప్పుడే ఏం చెప్పొద్దు మామా. కొన్నాళ్ళు పోనీ."

"నాలుగు లక్షలని నోరారా చెప్పింది నేను. చెప్పకుండా ఆమె మొహం ఎట్ల చూస్తాను?"

ముందు ఉదయలక్ష్మికి చెప్పినాడు. ఆమె వింటా ఉండి, "పోతే పోయిందిలే, మనిషివి నువ్వు బాగుంటే చాలు" అనింది. ఇంకేమీ అడగలేదు. ఆ ఒక్క మాటతో ఆయనకు కొండంత ధైర్యం వచ్చింది.

*

సోమవారం మధ్యాన్నం కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడు ధనంజయ మునిరత్నమ్మ స్టూలు పక్కన వచ్చి గొంతుకూర్చున్నాడు. ఆమె కరెంటు లేకపోయినా ఖాళీగా ఉండే రకం కాదు. మిగిలిన కండెల కొసలు విప్పుతా, చిక్కుపడిన దారం వేళ్ళతో తీస్తా ఉండింది. ధనంజయ అంతా చెప్పినాడు. పదిని ఒకటి చేసిందీ, చీటీలు అమ్మి కొనేదీ, నలబై వేలు మిగిలిందీ. చెప్పేదంతా అయినాక, "నీకు నష్టం రానీను రత్నమ్మా. నన్ను నమ్మి ఇచ్చినావు. నీ ఎనబై వేలు నేనిస్తా" అన్నాడు.

మునిరత్నమ్మ చేతులు ఆగినాయి.

"నష్టమొచ్చింటే నువ్వెందుకిస్తావన్నా?"

"ఏం మాట అది? నా మాట మీద గదా పెట్టినావు."

"నాకు సదువు రాదు కానీ అంకెలొచ్చు. నాలుగున్నప్పుడు పెట్టినావు. రెండైనప్పుడు రెండని రాసినావు, నేనేం అనలేదు. ఏడ్సుకుంటా ఇంటికి పోయినా గానీ నిన్ను ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు ఇరవై అని రాసినావు. గోడ మీదుండాది సూడు. దిగినప్పుడు నాది, ఎక్కినప్పుడు నాది కాదా?"

"ఎక్కలేదు తల్లీ, అదే చెప్తా ఉండా..."

"మైసూర్‌పాకు ఎందుకు పంచినావు మరి?"

ధనంజయ గోడ వైపు చూసినాడు. నిజమే చెప్తా ఉండాడు, కానీ తన చెవులకే అది దొంగ మాట మాదిరి వినబడతా ఉండాది. పది కలిపి ఒకటి! ఎవురు నమ్ముతారు? వారం కిందట ఎవురన్నా వచ్చి ఇట్ల చెప్పింటే తానే నమ్మేవాడు కాదు.

"నష్టమొస్తే సేతి నుంచి ఎదురిచ్చే మనిషి నాకు యాడా కనబడలేదన్నా ఇంతవరకు. నాలుగు లక్షలు మింగినోడికి ఎనబై వేలు ఇచ్చేదేం కష్టం." ఆమె అరవలేదు. దారం కొస నోట్లో తడిపి ముడి వేసి, ఆ కండె గంపలో పెట్టి, లేచి చీర దులుపుకొనింది. పద్దెనిమిదేండ్లలో మొదటిసారి పొద్దు గూకకముందే షెడ్డులోంచి వెళ్ళిపోయింది.

*

బుధవారం జయరావు మనిషిని పంపించినాడు. నూలంగట్లో తెల్లపరుపు మీద జయరావు, ఇంకిద్దరు పెద్దలు కూర్చున్నారు. మునిరత్నమ్మ గుమ్మం కాడ నిలబడింది. ధనంజయ వెంట ఉదయలక్ష్మి, మునికుమార్ వచ్చినారు. మునికుమార్ ఆ రోజు కూలి పోగొట్టుకొని వచ్చినాడు, ఫోనులో అంతా చూపిస్తే సరిపోతాదని వాడి నమ్మకం.

చూపించినాడు కూడా. జయరావు కళ్ళద్దాలు ముక్కు మీదకి దించి ఫోనును దూరంగా పట్టుకొని చూసినాడు.

"నలభై ఐదు యూనిట్లు. సరే. మునుపు నాలుగు వందల యాభై ఉండినాయంటావు. మధ్యలో నాలుగు వందల ఐదు యాడ పోయినాయప్పా?"

"పోలేదు పెద్దయ్యా, కలిపేసినారు."

"నేను పది నూలు చిలపలు కలిపి ఒక కట్ట కడితే పది చిలపల నూలూ కట్టలో ఉంటాది గదా?"

"ఉంటాది. ఇదీ అంతే."

"అంతే అయితే సొమ్మెందుకు తగ్గింది?"

"అంతకు ముందే తగ్గిపోయిండాది పెద్దయ్యా, రేటు దిగి..."

"ముందర దిగింది, తర్వాత కలిపినారు, రేటు ఎక్కింది, సొమ్ము ఎక్కలేదు." జయరావు పక్క పెద్దమనిషి మొహం చూసినాడు. ఆయన పెదవి విరిచినాడు. "ఖాతా ఈ అబ్బోడి పేరు మీదుండాది. ఈ పొద్దు నలభై ఐదు చూపిస్తా ఉండాడు. మొన్న ఎన్నుండినాయో, ఎన్ని అమ్ముకున్నారో ఎవురికి తెలుసు?"

ఆ మాటకు ఉదయలక్ష్మి ముందుకొచ్చింది. ఆ వీధిలో ఎవురూ ఆమె గొంతు అంత పెద్దగా వినలేదు. "అన్నా, నోరు జారొద్దు! నా మొగుడు ఒకరి రూపాయికి ఆశపడినోడు కాదు. మీ అంగట్లోనే నూలు జాస్తి తూగితే వెనక్కి తెచ్చిచ్చినాడు, మర్సిపోయినావా? మూడు లక్షలు పోయి ఇంట్లో చారు నీళ్ళు తాగతా ఉండాము, దొంగతనం కడతావా?"

జయరావు తల దించుకున్నాడు. నిజంగానే ఆ సంగతి గుర్తుంది. అప్పుడు గుమ్మం కాడ నుంచి మునిరత్నమ్మ, "నాలుగు లక్షలని అన్న నోటితోనే సెప్పినాడు. కాదనమను" అనింది.

అందరూ ధనంజయను చూసినారు. "చెప్పినాను" అన్నాడు.

ఇంకేముండాది? పెద్దలు ముగ్గురూ గుసగుసలాడుకొని తీర్పు చెప్పినారు. ఆమె నాలుగు లక్షలంటుంది, ఈయన నలబై వేలంటాడు, మనకు ఆ అమెరికా లెక్క తెలీదు. అసలు ఎనబై వేలు, పైన ఇంకో ఎనబై వేలు ధనంజయ ఇవ్వాల. ఎనిమిది రోజుల గడువు. "ఇద్దరూ రవంత తగ్గాల. బతకాల గదప్పా అందరూ" అని జయరావు చేతులు దులుపుకున్నాడు. మునిరత్నమ్మ, "పేదోళ్ళకు ఇంతే న్యాయం" అని ఏడ్చుకుంటా పోయింది. ధనంజయ చెప్పులు వేసుకున్నాడు.

దోవలో మునికుమార్, "ఒప్పుకోవద్దు మామా. నువ్వు ఇస్తే తిన్నట్టే అవుతాది" అన్నాడు.

"ఇవ్వకపోతే?"

వాడు ఆలోచించినాడు. "అప్పుడూ తిన్నట్టే" అన్నాడు.

*

ఫండు అమ్మిన డెబ్బై మూడు వేలు వచ్చింది. తక్కినదానికి మగ్గాలు తప్ప ఏముండాయి? ఆడేటి మగ్గం కొనేవాడు ఇప్పుడు నగరిలో ఎవుడూ లేడు, అందరూ అమ్మేవాళ్ళే. పుత్తూరు నుంచి పాత ఇనుం వ్యాపారి లారీ వేసుకొని వచ్చినాడు. వాడి మనుషులు మగ్గానికుండే పడుగు చుట్టిన బీములు ఊడదీసి పక్కన పెట్టి, చట్రాన్ని పెద్ద సుత్తులతో కొట్టినారు. పోత ఇనుం గదా, నాలుగు దెబ్బలకు పగిలి ముక్కలయింది. ఒకటో మగ్గం మీద సగం నేసిన బట్ట ఉండింది. ధనంజయ కత్తెర తీసుకొని దాన్ని అడ్డంగా కోసి, మడత పెట్టి, ఉదయలక్ష్మి చేతికిచ్చినాడు. మూడు మగ్గాలు కాటాకు వేస్తే ఎనబై ఏడు వేలు తేలింది. నేతగాళ్ళిద్దరూ చొక్కాలు తగిలించుకొని, "పోయొస్తామన్నా" అని చెప్పి వేరే షెడ్డు వెతుక్కుంటా పోయినారు.

సాయంత్రం జయరావు అంగట్లో ధనంజయ లక్షా అరవై వేలు మునిరత్నమ్మ చేతిలో పెట్టినాడు. ఆమె లెక్కపెట్టుకోలేదు. కొంగులో మూట కట్టి, మొదటిసారి ఆయన కళ్ళల్లోకి చూసింది. ధనంజయకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఈ మనిషి తనను పద్దెనిమిదేండ్లు చూసింది, ఇప్పుడన్నా ఒక మాట అంటాదేమో అనుకున్నాడు.

"నాకు నీ మీద కోపం లేదన్నా. అంత డబ్బు కళ్ళ ముందుంటే ఎవురికైనా బుద్ధి మారతాది" అని ఆమె మెట్లు దిగి పోయింది.

జయరావు ఆయన భుజం తట్టినాడు. "పోనీలేప్పా. అంతా అయిపోయింది. తక్కినదన్నా జాగర్తగా పెట్టుకో." తక్కినది! ధనంజయ ఆయన మొహం చూసినాడు. హేళన కాదు. పెద్దమనిషి నిజంగానే మంచి మాట చెప్తా ఉండాడు. టీ అంగడి ముందర పోతా ఉంటే నలుగురూ మాటలాపి, దారిచ్చి, మునుపటి కంటే మర్యాదగా పలకరించినారు. ఆ మర్యాద ఆయనకు చెంపదెబ్బ మాదిరి తగిలింది.

ఇంటికొచ్చేసరికి ఉదయలక్ష్మి అన్నం వండి పెట్టుండింది. ఒక్క మగ్గం మిగిలిన షెడ్డు వైపు చూడకుండా కాళ్ళు కడుక్కొని కూర్చున్నాడు. వంకాయ పులుసు చేసింది, ఆయనకు ఇష్టమని. నాలుగు రోజులుగా ఆ అంగట్లో ఆమె తన కోసం అరిచిన అరుపే ఆయన చెవుల్లో మోగతా ఉండింది. ఊరంతా ఏమన్నా అనుకోనీ, ఈ ఒక్క మనిషి చాలు అని ధైర్యం తెచ్చుకొని అన్నం కలుపుకున్నాడు.

ఉదయలక్ష్మి లేచి వీధి తలుపు దగ్గరికి వేసి, గడియ పెట్టి, వచ్చి ఆయన పక్కన దగ్గరగా కూర్చుంది. ఆమె మొహం చాలా రోజుల తర్వాత తేటగా ఉండింది.

"ఇప్పుడు ఎవురూ లేరు. నాకన్నా చెప్పు" అనింది చిన్నగా. "యాడ పెట్టినావు?"

ధనంజయ చేతిలో ముద్ద అట్లనే ఆగిపోయింది.

"ఏంది పెట్టేది?"

"అబ్బ, నా దగ్గర కూడానా! నాలుగు మగ్గాల్లో మూడు ఇనుం కింద అమ్ముకుంటా ఉంటే కంటనీరు పెట్టలేదు నువ్వు. అప్పుడే అనుకున్నాను, దీనికి మించి యాడో ఉండాదిలే అని. మునికుమార్ పేరు మీదుండాదా? నేనెవురికీ చెప్పనులే. అందుకే గదా అంగట్లో అంత గట్టిగా మాట్లాడినాను."

"లేదు లక్ష్మీ" అన్నాడు. "ఏమీ లేదు. అంతా పోయింది."

ఆమె ఆయన మొహంలోకి చూసింది, చూసి నవ్వింది. మోకాలి మీద మెల్లగా తట్టి, "సరేలే, ఇప్పుడొద్దు. నీకు ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడే చెప్పు" అని, ఇంకో గరిటె పులుసు ఆయన అన్నంలో పోసింది.